మా ఊరికి ఎఫ్ఎం పెట్టడానికి వచ్చే కంపెనీ వాళ్ళకి, అనంతపురం నుంచి ఒక శ్రోత రాసే బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

మీ కంపెనీ పేరేందో, మీ హెడ్డాఫీసు హైదరాబాద్‌లో ఉందో ముంబైలో ఉందో నాకు తెలీదు గానీ మీకు ఈ ఉత్తరం రాయాలని చానా రోజుల నుంచి అనుకుంటా ఉన్నా. 2024 ఆగస్టు 28న సెంట్రల్ కేబినెట్ 234 కొత్త ఊళ్ళల్లో 730 ప్రైవేట్ ఎఫ్ఎం ఛానళ్ళకి వేలం పెట్టొచ్చని ఓకే చెప్పింది కదా, ఆ లిస్టులో ఆంధ్రప్రదేశ్‌వి 22 ఊళ్ళు, 68 ఛానళ్ళు ఉన్నాయని తెలిసి ఆ పీడీఎఫ్ ఫోన్లో తెరిచి, వేలితో పెద్దది చేసుకుని మరీ వెతికినా. అనంతపురం ఉంది, కర్నూలు ఉంది, కడప ఉంది, ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు ఉన్నాయి. మా ఇంట్లో వాళ్ళకి చూపిస్తే "ఇప్పుడు రేడియో ఎవరు వింటారు" అన్నారు. నేను వింటా. మా ఊళ్ళో ఆటో నడిపేవాళ్ళు, ధర్మవరంలో మగ్గం మీద కూర్చున్నోళ్ళు, రాత్రిపూట చీనీ తోటలకి నీళ్ళు కట్టేవాళ్ళు, హోటల్లో పొద్దున 4 గంటలకే లేచి ఉగ్గానికి బొరుగులు నానబెట్టేవాళ్ళు వింటారు. చేతులు పనిలో ఉన్నోళ్ళకి ఫోన్ చూసే తీరిక యాడుంటుంది, చెవులు మాత్రం ఖాళీగానే ఉంటాయి.

మీరు అడిగే ముందే నేనెవరో చెప్తా. మా నాయన పాతూర్లో టైలర్. కుట్టు మిషన్ పక్కన గోడకి ఒక చెక్క పలక, దాని మీద రేడియో, దానికి మా అమ్మ మిగిలిన గుడ్డముక్కలతో కుట్టిన కవరు, స్పీకర్ ఉండేచోట మాత్రం గుడ్డ తీసేసి సన్న జాలీ వేసింది. డయల్ అద్దం మీద కడప స్టేషన్ పట్టేచోట మా నాయన కొలతలు గీసే సుద్దతో ఒక గీత గీసి పెట్టినాడు. అది చెరిగిపోతే మళ్ళీ గీసేవాడు. మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్, కడప ఆకాశవాణి, 1963 నుంచి ఉన్న కేంద్రం. ముల్లు కొంచెం అటు తిరిగితే గరగర, ఇంకొంచెం కిందకి పోతే బెంగళూరు కన్నడ స్టేషన్ గట్టిగా పలికేది. మధ్యాహ్నం పూట సిలోన్ నుంచి తెలుగు పాటలు, అవి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా అలల మాదిరి వచ్చేవి, వాన మబ్బు పట్టిందంటే ఇంక అంతే.

మా నాయన కోరిన పాటలకి కార్డు రాసేవాడు. పదిహేను పైసల కార్డు, దాని మీద ఆయన చేతిరాత టైలర్ల లెక్కల పుస్తకంలో ఉండేటట్టు గుండ్రంగా ఉండేది. రాసినవాటిలో ఎన్నిసార్లు చదివినారో లెక్క తెలీదు గానీ ఒకసారి మాత్రం నాకు బాగా గుర్తు, ఒక కోటుకి లైనింగ్ వేస్తా ఉన్నాడు, రేడియోలో "అనంతపురం పాతూరు నుంచి" అని వినపడినాక ఇంటి పేరుతో సహా ఆయన పేరు చదివినారు, ఆయన కాలు తొక్కుడు మీద అట్లే ఆగిపోయింది, చక్రం దానంతట అది రెండు చుట్లు తిరిగి నిలిచింది. అంగట్లో ఉన్న గిరాకీ ఆయన వైపు చూసి "నీదేనా అప్పా" అన్నాడు. పాట ఏదో నాకు గుర్తు లేదు. ఊరి పేరు, ఆ పేరు పలికిన తీరు గుర్తుంది, పాతూరు అనే మాటలో దీర్ఘం ఎంత ఉండాలో అంతే ఉంది, ఎందుకంటే చదివినామె ఈ సీమ మనిషే.

తర్వాత 90ల మొదట్లో మా ఊరికే సొంతంగా ఆకాశవాణి ఎఫ్ఎం వచ్చింది, 101.7. కర్నూలుకి 102.4. గరగర పోయింది, పాట అద్దం మాదిరి వినపడింది, మా నాయన కొత్త సెట్టు కొన్నాడు, సుద్ద గీత అవసరం తీరిపోయింది. ఆ కేంద్రాలు ఇప్పటికీ పంటల గురించి, వాన గురించి, మా కవుల గురించి ఎంత ఓపికగా చెప్తాయో రోజూ వినేవాళ్ళకి తెలుసు. నేను ఈ ఉత్తరం రాసేది వాటిని తగ్గించడానికి కాదు. వాటి పక్కన మీరు వచ్చి కూర్చోబోతా ఉన్నారు, ఆ పీట ఎట్లాంటిదో మీకు తెలియాలని రాస్తా ఉన్నా.

అసలు డబ్బు కోసం నడిపే రేడియో ఈ దేశంలో ఎట్ల వచ్చిందో మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది, అయినా ఒక శ్రోత వైపు నుంచి ఎట్ల కనపడిందో చెప్తా. వివిధ భారతి 1957 అక్టోబర్ 3న మొదలైంది, సిలోన్ రేడియో పాటలు లాక్కుపోతా ఉంటే మన జనాన్ని మళ్ళీ ఇటు తిప్పుకోవడానికి. దాంట్లో ప్రకటనలు మాత్రం 1967 నవంబర్‌లో గానీ రాలేదు. ఎఫ్ఎం అనేది మద్రాసులో 1977లో మొదలుపెట్టినారు. ప్రైవేటోళ్ళకి 1993లో ఆకాశవాణి ఎఫ్ఎంలోనే కొన్ని గంటలు అద్దెకి ఇచ్చినారు, అదీ పెద్ద నగరాల్లో. 1995లో సుప్రీంకోర్టు ఒక క్రికెట్ కేసులో గాల్లో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఈ ఒక్క మాట దయచేసి గుర్తు పెట్టుకోండి. మీరు కట్టేది 15 ఏళ్ళ పర్మిషన్‌కి, ఫ్రీక్వెన్సీ మాత్రం మాది, పాతూర్లో టైలర్‌ది కూడా.

2001లో నేను బెంగళూరులో ఒక మందుల కంపెనీకి తిరిగే ఉద్యోగంలో ఉన్నా. జూలైలో దేశంలోనే మొదటి ప్రైవేట్ ఎఫ్ఎం స్టేషన్ రేడియో సిటీ అక్కడ మొదలైంది. మెజెస్టిక్ నుంచి బస్సులో కూర్చుంటే పక్కనున్న అబ్బాయి చెవిలో ఒకటి, నా చెవిలో ఒకటి ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాం. రేడియోలో మనిషి నవ్వతా ఉన్నాడు, పక్క సందులో నిలబడి మాట్లాడినట్టు ఫలానా సర్కిల్లో జామ్ ఉంది అటు పోవద్దు అంటా ఉన్నాడు, మా బస్సు ఆ సర్కిల్లోనే నిలబడి ఉంది. ఆరోజు నాకు అనిపించింది ఒకటే, మా సప్తగిరి సర్కిల్ పేరు ఇట్ల ఎప్పుడు వింటానో అని. ఇరవై ఏళ్ళు దాటింది.

ఎందుకు ఆలస్యమైందో తర్వాత ఆ లైన్లోకి పోయినాక అర్థమైంది. 1999లో మొదటి విడత వేలం పెట్టినప్పుడు 40 ఊళ్ళల్లో 108 ఫ్రీక్వెన్సీలు ఇస్తామన్నారు, జనం ఎగబడి పాడినారు, తీరా ఆ లైసెన్స్ ఫీజు ఏటా 15 శాతం పెరిగే పద్ధతి, యాడ్స్ రానీ రాకపోనీ కట్టాల్సిందే. చివరికి 12 ఊళ్ళల్లో 21 స్టేషన్లు మాత్రమే గాల్లోకి వచ్చినాయి. మన తెలుగోళ్ళకి ఆ విడతలో విశాఖపట్నం ఒక్కటే దక్కింది. 2005లో రెండో విడతకి పద్ధతి మార్చినారు, వచ్చేటప్పుడు ఒకసారి ఎంట్రీ ఫీజు, తర్వాత వచ్చిన ఆదాయంలో 4 శాతం. ఆ మార్పుతోనే రేడియో నిలబడింది, సీమలో తిరుపతి దాకా వచ్చింది. 2011లో మూడో విడత పాలసీ, దాని కింద 2015లో 97 ఛానళ్ళు అమ్ముడుపోయినాయి, 2016లో 92 ఊళ్ళల్లో 266 పెడితే 66 మాత్రమే పోయినాయి. అంటే నాలుగింట మూడు భాగాలు అడిగే దిక్కు లేక మిగిలిపోయినాయి. అప్పుడు కూడా మా అనంతపురానికి స్టేషన్ రాలేదు. చిన్న ఊళ్ళల్లో రేటు ఎక్కువ పెట్టినారు అని ఒకరంటారు, చిన్న ఊళ్ళల్లో యాడ్స్ రావు అని ఇంకొకరంటారు. మొదటిది నిజమే గానీ రెండో మాట నేను ఒప్పుకోను, ఎందుకో కింద చెప్తా.

నేను రెండేళ్ళు పైన ఒక ఊళ్ళో ఒక ప్రైవేట్ ఎఫ్ఎం స్టేషన్‌లో యాడ్స్ తెచ్చే పని చేసినా. ఏ ఊరు, ఏ స్టేషన్ అని చెప్పను, వాళ్ళతో నాకేం తగాదా లేదు, అక్కడ నేను నేర్చుకున్నది మీకు పనికొస్తుందని రాస్తా ఉన్నా. రేడియో యాడ్ పది సెకండ్ల లెక్కన అమ్ముతారు. పెద్ద బ్రాండ్ల యాడ్స్ హెడ్డాఫీసు నుంచి గుంపుగా వచ్చేవి, అవి దేశమంతా ఒకటే. మా పని ఊళ్ళో అంగళ్ళు తిరగడం. బంగారం షాపులు, చీరల షాపులు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు సరే. నేను తెచ్చినవాటిలో నాకు బాగా ఇష్టమైంది ఒక పాత్రల అంగడి. పెద్దాయన, అరవై దాటినాయన, గల్లా దగ్గర కూర్చుని ఇత్తడి బిందె మీద వేలి ఎముకతో కొట్టి శబ్దం వినిపించి మరీ అమ్మేవాడు. ఆయన యాడ్ అంటే నమ్మలేదు. నేను రికార్డర్ పట్టుకుని పోయి "మీరు రోజూ గిరాకీతో చెప్పేదే చెప్పండి సామీ" అన్నా. ఆయన బిందె మీద టంగుమని కొట్టి "ఇంటే తెలుస్తుంది తల్లీ, సూడాల్సిన పన్లేదు, ఫలానా వీధిలో మూడో అంగడి" అన్నాడు, అంతే, పది సెకండ్లు. దసరాకి ముందు పదిహేను రోజులు వేసినాం. అంగట్లోకి వచ్చిన ఆడోళ్ళు ఆ మాట ఆయనకే తిరిగి చెప్పేవాళ్ళంట, పిల్లోళ్ళు బయట నిలబడి టంగ్ అని అరిచి పరిగెత్తేవాళ్ళంట. ఆయన నాకు ఫోన్ చేసి సంక్రాంతికి కూడా వెయ్యండి అన్నాడు, రేటు గురించి ఒక్క మాట మాట్లాడలా.

తర్వాత ఏడాదికి మా స్టేషన్ నెట్‌వర్క్‌లోకి పోయింది. మీకు తెలుసు కదా, మూడో విడత పాలసీలో ఒక కంపెనీ తన స్టేషన్లన్నిటినీ కలిపి ఒకచోటి నుంచి నడుపుకోవచ్చని వీలిచ్చినారు. ఖర్చు తగ్గుతుంది, నేను కాదనను, నష్టాల్లో ఉన్న స్టేషన్ మూతపడే కంటే అదే మేలని అప్పుడు మా మేనేజర్ అన్న మాటలో కూడా నిజం ఉంది. పొద్దున షో ఇంకో నగరం నుంచి, సాయంత్రం షో ఇంకో నగరం నుంచి. మా ఊళ్ళో ఇద్దరు ఆర్‌జేలు ఉండేవాళ్ళు, ఒకామె టీచర్ ట్రైనింగ్ చేసిన అమ్మాయి, ఒకబ్బాయి పగలు కొరియర్ ఆఫీసులో చేసేవాడు, ఇద్దర్నీ పంపించేసినారు. పెద్దాయన యాడ్ పాతదయిందని నగరం నుంచి కొత్తది చేసి పంపినారు. చక్కటి గొంతు, వెనక మ్యూజిక్, అంతా బాగుంది, ఆ వీధి పేరు మాత్రం తప్పు పలికినారు. ఆ ఊళ్ళో పుట్టినోడెవడూ అట్ల అనడు. పెద్దాయన విని నన్ను పిలిపించి కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, నెమ్మదిగా "మా వీధి పేరు తెలియనోళ్ళు మా అంగడి గురించి ఏం చెప్తారు నాయనా" అన్నాడు. ఇంక యాడ్ ఇవ్వలేదు. ఆయన్ని చూసి ఆ బజార్లో ఇంకో నలుగురు మానేసినారు. చిన్న ఊళ్ళల్లో యాడ్స్ రావు అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, వస్తాయి, వాళ్ళ ఊరి మాట వినపడినన్నాళ్ళు వస్తాయి.

దానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒక వాన రోజు. రాత్రంతా కురిసింది, తెల్లారేసరికి ఊరి బయట వంక రోడ్డు మీదకి వచ్చేసింది, బస్సులు ఆపేసినారు. నేను బండి నెట్టుకుంటా ఆఫీసుకి పోతే లోపల ఎవరూ లేరు, సెక్యూరిటీ అతను ఒక్కడే. పాటలు వేసే కంప్యూటర్ దాని పని అది చేసుకుంటా ఉంది, స్పీకర్లో ఎవరో ఆర్‌జే ఎండలు మొదలైపోయాయి జ్యూస్ తాగండి అని ఎప్పుడో రికార్డ్ చేసింది వస్తా ఉంది. ల్యాండ్‌లైన్ మోగతానే ఉంది. ఊళ్ళో జనం ఇంకా ఆ నంబర్ మర్చిపోలా, స్టేషన్‌లో మనిషి ఉంటాడనుకుని చేస్తా ఉన్నారు. ఒకామె, వాళ్ళ పాప కాలేజీ బస్సు ఎక్కి అరగంటయింది, ఏ దారిన పోతుంది అని అడిగింది. ఒకాయన ఆసుపత్రికి పోవాలి, బ్రిడ్జి మీద వదుల్తా ఉన్నారా అని. నేను స్టూడియోలోకి పోయినా. టేబుల్ మీద మైకు ఊడదీసేసి నాలుగు నెలలయింది, వంగిన స్టాండ్ ఒకటే ఉంది, దాని చివర వైరు చుట్టి టేపు వేసినారు. పది అడుగుల దూరంలో ఊరంతా వినే ట్రాన్స్‌మిటర్‌కి పోయే లైన్ ఉంది, నా నోట్లో చెప్పాల్సిన మాట ఉంది, రెండిటికీ మధ్య మైకు లేదు. ఇంక ఏం చెయ్యాలి, ఫోన్ దగ్గరే కూర్చుని, తెలిసిన కండక్టర్‌కి ఒకసారి, పోలీస్ స్టేషన్‌కి ఒకసారి చేసి కనుక్కుంటా, మధ్యాహ్నం దాకా వచ్చిన ఒక్కో ఫోన్‌కి ఒక్కొక్కరికే చెప్పినా. అరవై డెబ్భై మందికి చెప్పింటా. మైకుంటే ఒక నిమిషం పని.

ఇదేదో పెద్ద ప్రమాదం కాలేదు కాబట్టి సరిపోయింది. మా సీమలో వరద అంటే నమ్మరు, కరువు గురించే అందరూ మాట్లాడతారు. కానీ 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడినప్పుడు మా పెద్దమ్మ వాళ్ళు మిద్దె మీద రెండు రాత్రులు కూర్చున్నారు, కరెంటు లేదు, సెల్లులో చార్జింగ్ లేదు, నీళ్ళు ఎక్కుతా ఉన్నాయా దిగుతా ఉన్నాయా అనేది గోడ మీద తడి గుర్తు చూసి తెలుసుకున్నారు. 2021 నవంబర్ 19 తెల్లారుజామున కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి మీద విరుచుకుపడింది, నిద్ర లేచేలోపలే మనుషులు పోయినారు. 2022 అక్టోబర్‌లో మా అనంతపురంలోనే నడిమివంక పొంగి కాలనీలు మునిగినాయి. ఒక రేడియో అన్నీ ఆపేసేదని నేను అనను. కానీ రెండు పెన్సిల్ సెల్సు వేస్తే పలికేది, టవర్ పడిపోయినా నెట్ పోయినా ఇంట్లో మాట్లాడేది అదొక్కటే, ఆ మాట వంద కిలోమీటర్ల అవతల నుంచి రికార్డ్ చేసి పంపింది అయితే ఆ సెల్సు కూడా దండగ. మీకు పర్మిషన్ రూల్స్‌లోనే వీలుంది కదా, సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి బులెటిన్ ఉన్నది ఉన్నట్టు వెయ్యాలి, అది సరే, కానీ ట్రాఫిక్, వాతావరణం, కరెంటు, నీళ్ళ సరఫరా, విపత్తుల మీద అధికారులు ఇచ్చే హెచ్చరికలు, పరీక్షలు, ఉద్యోగాల సమాచారం ఇవన్నీ చెప్పొచ్చు. 2023 సెప్టెంబర్‌లో ట్రాయ్, అంటే టెలికాం, ప్రసారాల మీద నిఘా ఉంచే కేంద్ర సంస్థ, గంటకి పది నిమిషాలు వార్తలు కూడా చెప్పనివ్వండి అని సిఫార్సు చేసింది. ఢిల్లీలో సమాచార ప్రసార శాఖ వాళ్ళు ఎవరైనా ఇది చదివితే వాళ్ళకి నా మనవి, వార్తలకి పర్మిషన్ ఇచ్చేటప్పుడు ఆ వార్త చదివే మనిషి ఆ ఊళ్ళోనే ఉండాలని ఒక లైను రాయండి.

ఇంక మీకు నేను అడిగేది. ఊళ్ళో స్టూడియో పెట్టండి, దాంట్లో మైకు పెట్టండి, ఆ మైకు ముందు పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా ఈ ఊరి మనిషిని కూర్చోబెట్టండి. రాత్రి పాటలు మీరు యాడనుంచైనా వేసుకోండి, దానికి నేనేమీ అనను. నాకు కావాల్సింది ఇదొక్కటే, కింద రాసేవన్నీ దాంట్లోంచి పుట్టినవే.

ఆర్‌జేల్ని తీసుకునేటప్పుడు హైదరాబాద్ తెలుగు వచ్చా అని అడగొద్దు. ఆర్ట్స్ కాలేజీలో, ఎస్కే యూనివర్సిటీలో గలగలా మాట్లాడే పిల్లోళ్ళు ఎంతమంది ఉన్నారో పోయి ఒకరోజు క్యాంటీన్‌లో కూర్చుని వినండి. వాళ్ళని "చేస్తాండాం, పోతాండాం, యాడికప్పా" అని వాళ్ళు మాట్లాడేట్టే మాట్లాడనీయండి. మా యాస సినిమాల్లో వచ్చిందంటే వెనక బాంబు మోగుతుంది, లేదంటే జనం నవ్వుతారు. ఒక అమ్మ పిల్లోడికి అన్నం పెట్టేటప్పుడు, ఒక డాక్టరమ్మ షుగర్ గురించి చెప్పేటప్పుడు, ఒక ముసలాయన చెనిక్కాయ విత్తనం ఎంత లోతులో పడాలో చెప్పేటప్పుడు కూడా ఆ యాసే ఉంటుందని రేడియోలో మాకు వినపడాలి. జహీరాబాద్ పక్కన మాచునూరులో సంఘం రేడియో అని 2008 నుంచి పల్లె ఆడోళ్ళే నడుపుతా ఉన్నారు, వాళ్ళ మాటలోనే. అది లాభం కోసం పెట్టింది కాదు, మీది లాభం కోసం, ఆ తేడా నాకు తెలుసు, కానీ మైకు ముందు మనిషి తన మాటలో మాట్లాడితే జనం వదిలిపెట్టరని వాళ్ళని చూస్తే తెలుస్తుంది. ఉర్దూ మాట్లాడే ఇళ్ళు మా పాతూర్లో ఎన్నో ఉన్నాయి, రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం ఇంటి భాష, వాళ్ళకి కూడా వారంలో ఒక గంట ఇవ్వండి, అక్కడి అంగళ్ళ నుంచి యాడ్స్ నేనైతే తెచ్చి చూపించేవాణ్ణి.

పేర్లు సరిగ్గా పలకండి. కూడేరు, రాప్తాడు, బుక్కరాయసముద్రం, గార్లదిన్నె, శింగనమల, నార్పల, తాడిమర్రి, బత్తలపల్లి. యాడ్ రికార్డ్ చేసే ముందు ఆ ఊరి మనిషిని ఒకర్ని పిలిచి చదివించండి, దానికి ఖర్చు ఒక టీ.

పొద్దున మార్కెట్ రేట్లు చెప్పండి. అనంతపురం మార్కెట్‌కి ఆరోజు చీనీ టన్ను ఎంత పలికిందో, ఆదోనిలో పత్తి, చెనిక్కాయ ఎంత పోయిందో, కర్నూలు యార్డులో ఉల్లిగడ్డ ఎంత ఉందో చెప్తే బండి కట్టే ముందు రైతు ఆగి వింటాడు. ఇంక ప్రాంక్ కాల్స్ అని ఎవరికో ఫోన్ చేసి మీ ఇంట్లో ఫలానా అని భయపెట్టి నవ్వే కార్యక్రమం దయచేసి ఇక్కడ వద్దు, అవతల ఆ ఫోన్ ఎత్తినామె రెండు నిమిషాలు గుండె చేతిలో పెట్టుకుని మాట్లాడడం నేను స్టేషన్‌లో ఉండి విన్నా, నాకు నచ్చలా.

ఇంకొకటి, ఇది మీకు చిన్న విషయంలా అనిపించొచ్చు. ప్రతి స్టేషన్‌లో గాల్లోకి పోయే ప్రతిదీ రికార్డయ్యే లాగర్ కంప్యూటర్ ఉంటుంది. కొన్నాళ్ళకి దాన్ని చెరిపేస్తారు. నేను పనిచేసిన చోట నెట్‌వర్క్‌లోకి పోయినప్పుడు పాత హార్డ్ డిస్కులన్నీ తుడిచి వేరే ఊరికి పంపేసినారు. మూడేళ్ళ తర్వాత పాత్రల అంగడి పెద్దాయన పోయినాడు. వాళ్ళబ్బాయి నా నంబర్ వెతుక్కుని ఫోన్ చేసి, అన్నా మా నాయన గొంతు ఆ యాడ్‌లో ఉండేది కదా, మా దగ్గర వీడియోలు ఉన్నాయి గానీ వాటిల్లో ఆయన మాట్లాడలా, ఒక్కసారి అది పంపిస్తావా అన్నాడు. నా దగ్గర లేదు. నా పాత ఫోన్లో, ఈమెయిల్లో, మాతో పనిచేసిన సౌండ్ ఇంజనీర్ దగ్గర అంతా వెతికించినా, దొరకలా. మీరు మొదటి రోజు నుంచి వారానికి ఒక గంటైనా, ఊరి వాళ్ళు మాట్లాడింది, పాడింది, అంగళ్ళ వాళ్ళు చేసిన యాడ్స్, పక్కన ఒక డిస్కులో తీసి పెట్టండి, తేదీ, పేరు రాసి పెట్టండి. పదేళ్ళకి మా జిల్లా ఎట్ల మాట్లాడేదో దాంట్లో ఉంటుంది. మీకు బరువనిపిస్తే ఏ లైబ్రరీకో, యూనివర్సిటీ తెలుగు శాఖకో కాపీ ఇవ్వండి.

డబ్బు సంగతి నేను మర్చిపోలా. 730 ఛానళ్ళకి కలిపి రిజర్వ్ ధర, అంటే వేలంలో పాట మొదలయ్యే కనీస ధర, 784.87 కోట్లు పెట్టినారు, ఏడాది ఫీజు జీఎస్టీ తీసేసి ఆదాయంలో 4 శాతం అన్నారు, దాని మీద టవర్ అద్దె, కరెంటు, పాటల రాయల్టీ, జీతాలు. మూడు నాలుగు కంపెనీలు ఒకే ఊళ్ళో పడితే ఉన్న యాడ్స్‌నే అందరూ పీక్కోవాల. ఆ లెక్క వేసుకునేటప్పుడు మొదట కోసేది ఊరి మనిషి జీతమే అని నాకు తెలుసు, అందుకే ముందుగానే రాస్తా ఉన్నా. మీ అందరూ ఒకే నగరం నుంచి ఒకే పాటలు వేస్తే మేము మీ మధ్య తేడా ఎట్ల కనుక్కోవాల, పాటలు ఫోన్లోనే ఉన్నాయి కదా. ఊరి మాట ఫోన్లో లేదు, దాన్ని మీరు అమ్ముకోండి, మేము వింటాం, మా అంగళ్ళ వాళ్ళు డబ్బులిస్తారు.

స్టూడియోకి మిద్దె వెతికేటప్పుడు ఊరి బయట హైవే మీద అద్దాల బిల్డింగ్ చూడొద్దు. క్లాక్ టవర్ దగ్గరో, సుభాష్ రోడ్ సందుల్లోనో, కింద అంగళ్ళు, పైన మీరు ఉండేట్టు చూసుకోండి. రోడ్డు రొద ఉంటుంది నిజమే, తలుపు రెండు పొరలు వేయించుకోండి. మెట్లు మాత్రం బయటి నుంచి ఉండాల, చేతిలో కాగితం పట్టుకుని, మా పాప టెన్త్‌లో ఫస్ట్ వచ్చింది ఒకసారి పేరు చదువుతారా అని అడగడానికి వచ్చినాయన్ని కింద ఎవరూ ఆపకుండా ఉండాల.

ఇట్లు,
అనంతపురం పాతూరు నుంచి
ఒక శ్రోత